గండియా, కనుమా, అగాధదరియా?

ప్రశ్న: పాపికొండల జాతీయ ఉద్యానవనం భౌగోళిక స్వరూపం మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. కొండల నడుమ గోదావరి ఇరుగ్గా, లోతుగా పారే చోటుని ఇంగ్లిషులో గార్జ్ అంటున్నారు. పాఠ్యపుస్తకాల్లో ‘అగాధదరి’ అని చూశాను. మా ఫ్రెండ్ ‘కనుమ’ అన్నాడు. పేపర్ల వాళ్ళు ‘లోయ’తో సరిపెట్టేస్తున్నారు. ఏది సరైనది? పనిలో పని, పాపికొండలకీ పాపానికీ ఏమైనా సంబంధం ఉందా?

జవాబు: గండి అని రాయండి. కొత్త మాట పుట్టించాల్సిన పని లేదు, ఆ చోటే చెబుతోంది. రాజమండ్రి వైపు నుంచి పాపికొండలకి లాంచీ ఎక్కే రేవుల్లో ఒకటి పోశమ్మగండి. దేవీపట్నం మండలం గొందూరు దగ్గర ఏటి ఒడ్డున ఉన్న అమ్మవారు గండి పోచమ్మ. పెద్ద వరద వచ్చినప్పుడల్లా నీళ్ళలో మునిగి పేపర్లకెక్కే గుడి అదే.

కనుమ వేరు. అది మనుషులు, బళ్ళు కొండ దాటే దారి. గండి నీళ్ళు కొండని తెంచుకుని పోయిన చోటు. కడప జిల్లాలో పెన్న ఎర్రమల కొండల్ని కోసుకుపోయే చోట కట్టిన కోట గండికోట. అదే జిల్లాలో వేంపల్లె దగ్గర పాపాఘ్ని కొండల్ని చీల్చుకొచ్చే చోటు పేరు ఒట్టి ‘గండి’, అక్కడి ఆంజనేయుడు గండి ఆంజనేయుడు. మూడు నదులు, మూడు కొండల వరసలు, మాట మాత్రం ఒకటే. ఇక లోయ అంటే రెండు కొండల మధ్య పల్లం ఏదైనా లోయే, అరకు కూడా లోయే. నిటారు గోడల మధ్య ఏరు బిగుసుకుపోవడం అందులో వినిపించదు. ‘అగాధదరి’ పరీక్షలో మార్కులకి బాగుంటుంది. లాంచీ సరంగు ముందు అని చూడండి, మీ ముఖం చూస్తాడు.

రెండో ప్రశ్నకి: పాపం ఏమీ లేదండీ. ఎక్కువమంది చెప్పేది ‘పాపిడి కొండలు’ అని. నది మధ్యలోంచి పోతుంటే కొండలు పాపిడి తీసిన తలలా ఉంటాయని. కల్పించిన కథేమో అనిపించవచ్చు గానీ, తెలుగులో జుట్టుకీ ఏటికీ చుట్టరికం పాతదే. జడకి మూడు పాయలు, ధవళేశ్వరం దిగువన గోదావరికి గౌతమి, వసిష్ఠ పాయలు. పాయడం అంటే విడిపోవడం, పాపడం అంటే విడదీయడం. ఎడబాయడంలో ఉన్నదీ ఆ పాయడమే.

వ్యాసంలో ఒక సంగతి తప్పకుండా రాయండి. పడమటి కనుమల్లో త్ర్యంబకం దగ్గర పుట్టిన నది దక్కను అంతా దాటి, సముద్రం ఇక దగ్గరే అనుకునే వేళకి తూర్పు కనుమలు ఎదురొస్తాయి. వాటిని చుట్టి పోకుండా అడ్డంగా కోసుకుపోయింది. కృష్ణదీ ఇంచుమించు ఇదే కథ. తూర్పు కనుమలు పడమటి కనుమల్లా ఏకబిగిన ఉండక ముక్కలు ముక్కలుగా ఉండటానికి ఈ నదులే పెద్ద కారణం. కోత పడింది మెత్తటి మట్టిలో కాదు, ఖోండలైట్, చార్నొకైట్ లాంటి గట్టి రాళ్ళలో. (ఖోండలైట్ అన్న పేరు ఖోండు గిరిజనుల మీదుగా వచ్చింది. పాపికొండల్లో ఉండేది కొండరెడ్లు, కోయలు.)

మరో సభ్యురాలు: మాది కూనవరం వైపు. గండి ప్రతాపం పైన ఉన్న మాకే ఎక్కువ తెలుస్తుంది. వరదనీరంతా ఆ ఇరుకులోంచే దిగాలి. దిగలేకపోతే వెనక్కి తంతుంది. శబరి వచ్చి గోదాట్లో కలిసేది మా దగ్గరే కాబట్టి దాని నీళ్ళూ వెనక్కి ఎక్కుతాయి. దాన్ని ‘ఎగపోటు’ అంటారు, మీ వ్యాసంలో ఆ మాట కూడా పెట్టండి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు. ఆ అంకెలు టీవీలో పెరుగుతుంటే మాకు ఉండే టెన్షన్ వేరు. కానీ ‘గండి’ అంటే చెరువుకి పడేది, ఖజానాకి కొట్టేది కదా? చదివేవాళ్ళు కట్ట తెగిందనుకోరూ?

జవాబు: అనుకుంటే అనుకోనివ్వండి, అర్థం ఒక్కటే కదా. చెరువుకట్ట అయితే ఊరు పూడ్చుకుంటుంది, కొండకి పడ్డది ఉండిపోతుంది. అనుమానం ఉంటే మొదటిసారి ‘కొండగండి’ అని రాసి, తర్వాత ‘గండి’ అనండి. ‘ఎగపోటు’ నేనూ రాసుకున్నాను.

నాకు నచ్చనిది ‘ఉద్యానవనం’. 2008లో జాతీయ ఉద్యానవనం అని ప్రకటించారు కాబట్టి అధికారిక పేరు మార్చలేం. చదవగానే బెంచీలు, గులాబీ మొక్కలు గుర్తొస్తాయి, అక్కడున్నదేమో వెదురు, టేకు, పులి. వ్యాసం లోపల మాత్రం ‘అడవి’ అనే రాయండి. ‘బైసన్ కొండలు’ అన్న పేరూ తగులుతుంది. ఆ బైసన్ మన అడవిదున్నే, అమెరికాది కాదు.