కింద ఇంటి వైఫైకి పాస్‌వర్డ్ లేదు, వాడుకుంటే తప్పా?

దిల్‌సుఖ్‌నగర్‌లో మేడ మీద సింగిల్ రూమ్‌లో ఉండి గ్రూప్-2కి చదువుతున్నాను. దిగిన రోజే ఫోన్‌లో పాస్‌వర్డ్ లేని వైఫై ఒకటి కనిపిస్తే కనెక్ట్ అయ్యాను, రెండు నెలలుగా క్లాసులన్నీ దాంతోనే. ఎవరిదో తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. మొన్న ఆదివారం కింద ఇంటి ఆంటీ పిలిచి, "బాబూ, ఈ నెట్ సంగతి కాస్త చూడు, రాత్రి ఎనిమిదైతే చాలు మనవరాలి మొహం అలా బిగుసుకుపోతోంది, మాటే వినపడదు" అంటూ ట్యాబ్ చేతిలో పెట్టారు. చూస్తే నేను వాడుతున్న వైఫై అదే. నేను మెస్ నుంచి వచ్చి మర్నాటి వీడియోలు డౌన్‌లోడ్ పెట్టేదీ ఎనిమిదింటికే. ఏం చెప్పాలో తోచక "కంపెనీ వాళ్ల ప్రాబ్లమ్ అయ్యుంటుంది ఆంటీ" అనేసి వచ్చాను. అప్పట్నుంచి మనసు మనసులో లేదు. ఏం చేయమంటారు?

హాస్టల్_పక్షి:
ఇంత టెన్షన్ ఎందుకు బ్రో? లాక్ పెట్టుకోకపోవడం వాళ్ల తప్పు. అన్‌లిమిటెడ్ ప్లాన్ అయితే వాళ్లకి పైసా పోదు. డౌన్‌లోడ్‌లు అర్ధరాత్రికి మార్చుకో, అంతే.

కృష్ణా_తీరం:
పైసా పోకపోయినా మనవరాలితో మాట పోయింది కదా. లైన్‌కి వచ్చే స్పీడ్ ఎంతో అంతే, దాన్నే అందరూ పంచుకోవాలి, పైగా అన్‌లిమిటెడ్ అని అమ్మే చాలా ప్లాన్లలో నెలకి ఇంత అని ఒక హద్దు ఉంటుంది, అది దాటితే స్పీడ్ పడిపోతుంది. మా ఊళ్లో బిందె పట్టుకుని వచ్చి అడిగితే బోరు నీళ్లు కాదన్నవాళ్లు లేరు, కానీ చెప్పకుండా రాత్రిపూట పైపు తగిలించుకుంటే ఊరుకునేవాళ్లూ లేరు. ఆ పెద్దావిడకి లాక్ అనేది ఒకటుందని తెలిసి ఉండకపోవచ్చు. తెలియకపోవడాన్ని ఒప్పుకోవడం కింద లెక్క కట్టకండి.

నెట్‌వర్క్_పని:
నేను రౌటర్లు బిగించే పనిలోనే ఉన్నాను. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకి కొద్ది నిమిషాల ముందు వచ్చిన బెదిరింపు మెయిల్‌ని పోలీసులు పట్టుకుంటూ వెళ్తే, నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికన్ ఇల్లు తేలింది. పంపింది ఆయన కాదు, ఆయన వైఫైకి లాక్ లేదు. అయినా విచారణ తప్పలేదు. మీరు ఏం చేసినా బయటికి కనపడేది ఆ ఆంటీ వాళ్ల కనెక్షనే. ఐటీ చట్టం సెక్షన్ 43 కూడా యజమాని అనుమతి లేకుండా నెట్‌వర్క్‌లోకి వెళ్లడం గురించే చెబుతుంది, అదే పని మోసపు బుద్ధితో చేస్తే సెక్షన్ 66 కింద 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. రైల్వే స్టేషన్ వైఫై సంగతి వేరు, అది మన కోసమే పెట్టింది, ఓటీపీ అడిగి మరీ ఇస్తారు. వెళ్లి నిజం చెప్పి మీ చేత్తోనే పాస్‌వర్డ్ పెట్టివ్వండి. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ (రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లడానికి అడిగేది) కూడా మార్చండి, అది చాలామంది మర్చిపోతారు.

అడిగినవాడు:
నిన్న సాయంత్రం వెళ్లి చెప్పాను. ఆంటీ కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "పోనీలే, టీ తాగుతావా" అన్నారు. పాస్‌వర్డ్ క్యాలెండర్ వెనక రాసిచ్చాను. నా ఫోన్‌లో ఆ నెట్‌వర్క్ తీసేసి డేటా ప్యాక్ వేయించుకున్నాను. అంకుల్ మాత్రం రౌటర్ పక్కనే నిలబడి నేను టైప్ చేసిన ప్రతి అక్షరాన్నీ చూస్తూ ఉండిపోయారు.