గ్నోమ్‌ని ఇష్టపడి వాడుతున్నారా, సర్దుకుపోతున్నారా?

గోదారి_గీక్

గొడవ పెట్టుకుందామని రాయడం లేదు. (సరే, కొంచెం అందుకే.)

తొమ్మిదేళ్ళు లైనక్స్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ (విండోలు, మెనూలు, బటన్లు చూపించే పైపొర) వాడాను. పోయిన నెల కొత్త ల్యాప్‌టాప్ కొని ఫెడోరా అనే రకం లైనక్స్ వేస్తే దాంతోపాటు గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్ వచ్చింది. విండో మీద మినిమైజ్ బటన్ లేదు. డెస్క్‌టాప్ మీద ఒక ఫైలు పెట్టుకుందామంటే పెట్టనివ్వదు. నడుస్తున్న యాప్‌ల ఐకాన్లు మూలన చూపించే ట్రే లేదు కాబట్టి టెలిగ్రామ్ మూసేశానో, వెనకాల నడుస్తూనే ఉందో తెలియదు. ఎక్స్‌టెన్షన్లు (గ్నోమ్‌కి పైన తగిలించే చిన్న ముక్కలు) వేసుకోమని ఎవరో చెబితే ఆరు వేశాను. మొన్న వెర్షన్ అప్‌గ్రేడ్ చేస్తే వాటిలో రెండు చచ్చాయి.

కంప్యూటర్ నాది, డబ్బు నాది. బటన్ ఎక్కడుండాలో, అసలు ఉండాలో లేదో వాళ్ళు తేల్చడమేమిటి? గ్నోమ్ వాడేవాళ్ళు నిజం చెప్పండి, ఇష్టపడే వాడుతున్నారా?

సూపర్_కీ

అన్నా, అత్తారింట్లో అడుగుపెట్టి పుట్టింటి పులుసు కావాలంటే ఎలా? నువ్వు గ్నోమ్‌ని ఎక్స్‌ఎఫ్‌సీఈలా మార్చాలని చూస్తున్నావు. ఆ ఆరు ఎక్స్‌టెన్షన్లూ అందుకే కదా వేసింది.

నేను నాలుగేళ్ళుగా ఒక్క విండో కూడా మినిమైజ్ చేయలేదు. అవసరం రాలేదు. ఎడిటర్ మొదటి వర్క్‌స్పేస్‌లో (విడి తెర లాంటిదనుకో), బ్రౌజర్ రెండో దాంట్లో, చాటింగ్ మూడో దాంట్లో. మూడు వేళ్ళతో పక్కకి తోస్తే ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళిపోతాను. సూపర్ కీ (విండోస్ గుర్తున్న కీ) నొక్కితే ఉన్న విండోలన్నీ పరుచుకుంటాయి, రెండక్షరాలు కొడితే యాప్ తెరుచుకుంటుంది. 2021లో గ్నోమ్ 40 వచ్చి వర్క్‌స్పేస్‌లు అడ్డంగా మారాక టచ్‌ప్యాడ్ మీద ఇంత హాయిగా ఉన్నది ఇంకోటి నాకైతే కనపడలేదు.

బటనే కావాలంటే ట్వీక్స్ అనే యాప్‌లో ఒక్క స్విచ్. ఉబుంటు లైనక్స్‌లో అయితే ఆ బటనూ, పక్కన యాప్‌ల ఐకాన్లుండే డాకూ ముందే పెట్టి ఇస్తారు. ఏదీ వద్దనుకుంటే సూపర్, హెచ్ కలిపి నొక్కు, విండో దాక్కుంటుంది.

గోదారి_గీక్

చూశావా, మామూలు పనికి ఇంకో యాప్ దించుకోవాలి, లేకపోతే ఒక షార్ట్‌కట్ బట్టీ పట్టాలి. ట్రే గురించి మాత్రం నోరెత్తలేదు.

సూపర్_కీ

గ్నోమ్ 44 నుంచి పైన కుడివైపు మెనూలో వెనకాల నడిచే యాప్‌ల జాబితా వస్తోంది. ఫ్లాట్‌ప్యాక్ అనే ప్యాకేజీగా వేసుకున్న యాప్‌లకే అనుకో. సరే, ట్రే విషయంలో ఓడిపోయాను, రాసిపెట్టుకో.

కేడీఈ_2_నాటివాడు

తమ్ముళ్ళూ, ఈ గొడవ మీలో కొందరు పుట్టకముందుది.

1996లో మథియాస్ ఎట్రిచ్ కేడీఈ అనే డెస్క్‌టాప్ మొదలుపెట్టాడు. అది క్యూటీ లైబ్రరీ మీద నడిచేది, క్యూటీ లైసెన్సేమో అప్పట్లో పూర్తి స్వేచ్ఛా లైసెన్సు కాదు. అది గిట్టకే 1997లో మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా గ్నోమ్‌కి శ్రీకారం చుట్టారు. అందం గురించో, బటన్ల గురించో కాదు, లైసెన్సు పేచీతో పుట్టింది గ్నోమ్. 2000లో క్యూటీ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కిందికి రావడంతో పేచీ తీరింది. రెండు కాపురాలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

మా కేడీఈ వాళ్ళేమీ తక్కువ తినలేదు. 2008 జనవరిలో కేడీఈ 4.0 వచ్చింది. నేను ఆ వారమే వేశాను. ప్యానెల్ సైజు మార్చుకునే సెట్టింగ్ కోసం గంట వెతికాను, దొరకలేదు. అంతకుముందు అందరినీ కేడీఈ వాడమన్న లైనస్ టోర్వాల్డ్స్ అది చూశాక గ్నోమ్‌కి వెళ్ళిపోయాడు. 2011లో గ్నోమ్ 3 వస్తే దాన్నీ దుమ్మెత్తిపోసి ఎక్స్‌ఎఫ్‌సీఈకి మారాడు. ఆ తర్వాత మళ్ళీ గ్నోమే, ఎక్స్‌టెన్షన్లు తగిలించుకుని! లైనక్స్ కెర్నెల్ రాసిన మనిషికే కుదురు లేదు, మనమెంత.

అదే 2011లో గ్నోమ్ 2ని వదలలేనివాళ్ళు దాని కోడ్ తీసుకుని మాటే (MATE) అనే డెస్క్‌టాప్ కట్టుకున్నారు. మింట్ లైనక్స్ వాళ్ళు సినమన్ అని సొంత డెస్క్‌టాప్ మొదలుపెట్టారు. ఉబుంటు సొంత డెస్క్‌టాప్ యూనిటీ అంటూ ఊరంతా తిరిగి 2017లో మళ్ళీ గ్నోమ్ గూటికే చేరింది. గీక్ తమ్ముడూ, నీ కోపం కొత్తదేమీ కాదు. నీకంటే ఎక్కువ కోపం వచ్చినవాళ్ళు కోడ్ తీసుకుని వేరు కాపురం పెట్టేశారు.

ప్లాస్మా_పిచ్చి

4.0 సంగతి ఇంకెన్నాళ్ళు తవ్వుతారు గురువుగారూ! 2024 ఫిబ్రవరిలో కేడీఈ వాళ్ళ ఇప్పటి డెస్క్‌టాప్ ప్లాస్మా 6 వచ్చింది, నేను అప్పటి నుంచి దాని మీదే ఉన్నాను.

కాలిక్యులేటర్ ఎప్పుడూ పైనే ఉండాలంటే టైటిల్ బార్ మీద రైట్ క్లిక్ చేస్తే చాలు. ఫైళ్ళు చూసే డాల్ఫిన్ యాప్‌లో ఎఫ్3 నొక్కితే విండో రెండుగా చీలుతుంది, ఇటు నుంచి అటు ఫైళ్ళు లాగేయడమే. కాపీ చేసిన పాత ముక్కలన్నీ క్లిప్‌బోర్డులో వరసగా దొరుకుతాయి. ఫోన్లో పాట నడుస్తుంటే కేడీఈ కనెక్ట్‌తో ల్యాప్‌టాప్ నుంచే ఆపుతాను. వీటిలో ఒక్కదానికీ ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు.

సూపర్_కీ

ఆ సెట్టింగ్స్‌లో దిగితే తెల్లారుతుంది. పోయినసారి కర్సర్ సైజు మార్చడానికి వెళ్ళి విండో వణికే ఎఫెక్టుతో ఆడుకుంటూ కూర్చున్నాను. అసలు పని మర్చిపోయాను.

ప్లాస్మా_పిచ్చి

అందులో ప్లాస్మా తప్పేముంది? జిలేబీ కనిపించిందని పళ్ళెం ఖాళీ చేసేది మనమే.

జిరాక్స్_కొట్టు

మీవన్నీ 16 జీబీ ర్యామ్ కబుర్లు. మా బావగారికి బస్టాండు ఎదురుగా జిరాక్స్ కొట్టుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి. అక్కడున్న మూడు మెషీన్లూ 4 జీబీ పాతకాలంవే, విండోస్ 11 వాటికి ఎక్కదు. ముందు ఒకదాంట్లో గ్నోమ్ వేసి చూశాను. బ్రౌజర్లో నాలుగు ట్యాబ్‌లు తెరిచేసరికి మౌస్ తట్టి తట్టి కదిలింది. కౌంటర్ దగ్గర హాల్‌టికెట్ ప్రింటు కోసం పిల్లలు నిలబడి ఉంటే మీ మూడువేళ్ళ విద్య పనికిరాదు.

రెండింటిలో మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాను. పెన్‌డ్రైవ్ గుచ్చితే ఫోల్డర్ తెరుచుకుంటుంది, పీడీఎఫ్ మీద రెండుసార్లు నొక్కితే వస్తుంది, ప్రింటు పడుతుంది. అక్కడ పనిచేసే కుర్రాడు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "వాల్‌పేపర్ మార్చారేంటన్నా?"

మూడోది మాత్రం విండోస్‌లోనే ఉంది. పెళ్ళి కార్డుల పనంతా పేజ్‌మేకర్‌లో "అను" తెలుగు ఫాంట్లతో నడుస్తుంది, దాన్ని ఏ డెస్క్‌టాప్ మార్చినా కదపలేం.

సూపర్_కీ

ఆ నాలుగు ట్యాబ్‌లు మెమరీ తింటే గ్నోమ్‌ని తిడతారేం?

జిరాక్స్_కొట్టు

ట్యాబ్‌లు తింటాయని తెలుసు బాబూ. వాటికి మిగిల్చి పెట్టే డెస్క్‌టాప్ కావాలంటున్నాను.

ఒత్తులు_దీర్ఘాలు

ఇంతసేపు ఇంత తెలుగు రాశారు, తెలుగు ఎలా కొడుతున్నారో ఒక్కరూ చెప్పలేదు. నేను డెస్క్‌టాప్‌ని ఎంచుకునేది దాన్ని బట్టే.

ఈ విషయంలో గ్నోమ్‌కి దణ్ణం పెట్టాలి. వేరే భాషలు కొట్టడానికి వాడే ఐబస్ లోపలే కలిసి వస్తుంది. సెట్టింగ్స్‌లో కీబోర్డుకి వెళ్ళి తెలుగు కలపడం, సూపర్, స్పేస్ నొక్కి మార్చుకోవడం, అంతే. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఐబస్ విడిగా వేసి, లాగౌటై వచ్చి, అప్పటికీ రాకపోతే తల పట్టుకోవాలి.

ఇక ప్లాస్మా. వేలాండ్‌లో (తెర మీద విండోలు చూపించే కొత్త పద్ధతి) ఫిసిటిక్స్ 5 (Fcitx, ఐబస్ లాంటిదే) వేశాను. ఎంత కొట్టినా ఇంగ్లీషే. ఒక సాయంత్రమంతా పోయాక తెలిసిందేమిటంటే, దాన్ని సిస్టమ్ సెట్టింగ్స్‌లో "వర్చువల్ కీబోర్డ్" అనే చోట ఎంచుకోవాలట! నా ఎదురుగా ఉన్నది టకటకలాడే అసలు సిసలు కీబోర్డు. వర్చువల్ అన్నచోట వెతకాలని ఎవరికి తడుతుంది? ప్లాస్మా_పిచ్చి గారూ, ఇన్ని సెట్టింగ్స్ ఉండి ఏం లాభం, దొరకనప్పుడు?

టెర్మినల్ దగ్గరికొస్తే మాత్రం అందరికీ గుండుసున్నా. టెర్మినల్ తెరని సమానమైన గళ్ళుగా కోసి గడికో అక్షరం పెడుతుంది. మన "స్త్రీ" ఏ గడిలో కూర్చుంటుంది? సకారం ఒకచోట, ఒత్తులు ఇంకోచోట, ప్రమాదం జరిగిన చోటులా ఉంటుంది.

ప్లాస్మా_పిచ్చి

వర్చువల్ కీబోర్డ్ విషయంలో మాట్లాడటానికి నాకేమీ లేదండి. నాకూ ఒక ఆదివారం పోయింది.

ఐ3_సన్యాసి

అసలు డెస్క్‌టాపే ఎందుకు? విండోలని పక్కపక్కన పేర్చే స్వే వేసుకుని ఒక్క కాన్ఫిగ్ ఫైలు (సెట్టింగ్స్ ఫైలు) రాసుకోండి. మోక్షం.

జిరాక్స్_కొట్టు

రాస్తాం స్వామీ. హాల్‌టికెట్ల లైను అయ్యాక.

గోదారి_గీక్

పది రోజుల తర్వాత వచ్చాను. సూపర్_కీ మాట విని ఎక్స్‌టెన్షన్లన్నీ తీసేశాను, ట్రే ఐకాన్లది ఒక్కటి తప్ప. మూడు రోజులు చిరాకు. నాలుగో రోజు ఎక్స్‌ఎఫ్‌సీఈ ఉన్న పాత కంప్యూటర్ దగ్గర కూర్చుని తెలియకుండానే సూపర్ కీ నొక్కి, ఏమీ పరుచుకోలేదేమిటని చూస్తున్నాను. ఈ మాట ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

నిన్న అమ్మ ఈ ల్యాప్‌టాప్ మీదే కరెంటు బిల్లు కట్టబోయింది. సర్వీసు నంబరేమో వెనకాల తెరిచి ఉన్న ఫోటోలో ఉంది. బ్రౌజర్ని కిందికి దించబోయి, "ఆ చిన్న గీత ఏదిరా?" అంది. నేను ఇక్కడ మొదట అడిగిన ప్రశ్న అదే కదా! మూడు వేళ్ళు పైకి తొయ్యమన్నాను. ఫోటో, బ్రౌజర్ పక్కపక్కన కనిపించాయి. నంబరు చూసింది, కొట్టింది, కట్టింది. అయినా రాత్రి ట్వీక్స్‌లోకి వెళ్ళి ఆవిడ కోసం బటన్ పెట్టాను. పొద్దున్న చూస్తే దాని జోలికి వెళ్ళకుండా వేళ్ళతోనే తోస్తోంది.

ఉద్యోగం ల్యాప్‌టాప్ మీద, అక్కడ గ్నోమ్ ఉంచేస్తున్నాను. ఇంట్లో పాత కంప్యూటర్లో ఎక్స్‌ఎఫ్‌సీఈ తీసే ప్రసక్తే లేదు.

సూపర్_కీ

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు అన్నా.

కేడీఈ_2_నాటివాడు

ఇంతకీ ఆవిడకి ప్లాస్మా చూపించావా?

గోదారి_గీక్

చూపించను. ఆవిడ ఆ సెట్టింగ్స్‌లో దిగిందంటే నా ల్యాప్‌టాప్ నాకు తిరిగి రాదు.