గోడకి చింతచెట్టు ఫోటో: కాన్వాసా, గ్లాసు ఫ్రేమా?

మాది శ్రీకాకుళం. టెక్కలి వైపు తేలినీలాపురంలో పెలికాన్లు గూళ్లు కట్టుకున్న చింతచెట్టుని పొగమంచులో తీశాను. హాల్లో సోఫా వెనక గోడకి 5 అడుగుల వెడల్పున పెట్టాలని ఉంది. ఫైలు 6000 పిక్సెళ్ల వెడల్పు, అంటే అంగుళానికి 100 మాత్రమే. దూరం నుంచి చూస్తే చాలంటారు గానీ, మా చుట్టాలు గోడకి ముక్కు ఆనించి మరీ చూసే రకం! సన్నటి చింతాకు కదా, దగ్గరికెళ్తే పచ్చటి ముద్దలా కనబడుతుందేమోనని టెన్షన్.

ఎదురుగా కిటికీ ఉంది, గ్లాసు వేస్తే వెలుతురు కొట్టి చెట్టే కనబడదు. కాన్వాస్ అయితే వానాకాలం చెమ్మకి వదులవుతుందా? ఇంకోటి, చిన్న సైజులో వేయించిన శాంపిల్ ప్రింటులో కొమ్మల నీడలన్నీ నల్లగా పూడుకుపోయాయి. స్క్రీన్ మీద బాగానే ఉన్నాయి మరి! ఎంత బ్రైట్ చేసి పంపాలి? ఇక్కడ గానీ విజయనగరంలో గానీ ఇలాంటిది వేయించినవాళ్లుంటే, దేని మీద వేయించారో, ఎంతయిందో చెప్పరా?