ఇంటర్‌లో కెమిస్ట్రీ లేకుండా బీఎస్సీకి: ఎక్కడ మొదలుపెట్టించాలి?

నమస్కారమండీ. మా చెల్లి ఇంటర్ ఒకేషనల్. బ్రిడ్జి కోర్సు గట్టెక్కింది కానీ, కెమిస్ట్రీ క్లాసులో కూర్చుని చదివింది లేదు. ఎనిమిది వారాల్లో విజయవాడలో బీఎస్సీ క్లాసులు మొదలు. ఏలూరు రోడ్డులో తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు రెండేళ్లవీ కొన్నాం.

పీరియాడిక్ టేబుల్, బంధాలు బాగానే పట్టుకుంది. చిక్కంతా మోల్ (పదార్థంలోని కణాల లెక్కకు వాడే ప్రమాణం) దగ్గరే. 0.05 మోలార్ (లీటరుకు 0.05 మోల్) ఆక్సాలిక్ ఆమ్లం 250 మి.లీ. తయారీకి 1.125 గ్రాములని లెక్క కట్టింది. స్ఫటికంలో ఉండే రెండు నీటి అణువుల్ని వదిలేసి, అణుభారం 126కి బదులు 90 వేసింది. రావాల్సింది 1.575 గ్రాములు. టైట్రేషన్ (తెలిసిన ద్రావణంతో తెలియని దాని గాఢత కనుక్కోవడం) లెక్కలోనూ ఇలాంటిదే: ఒక మోల్ ఆక్సాలిక్ ఆమ్లానికి రెండు మోల్‌ల సోడియం హైడ్రాక్సైడ్ ఖర్చవుతుందని మరిచి, దాని గాఢత 0.1 మోలార్ రావాల్సిన చోట 0.05 తెస్తోంది. సమీకరణం రాయకుండా నేరుగా సూత్రంలో అంకెలు వేయడమే కారణమని నాకనిపిస్తోంది.

సమీకరణాల తుల్యం పదో తరగతి పుస్తకం నుంచి మళ్లీ చేయించాలా? ఆర్గానిక్ ఇప్పుడే మొదలుపెట్టాలా, సమతాస్థితి, ఆమ్ల క్షారాలు అయ్యాకా? రోజుకు మూడు గంటలు కూర్చోగలదు. లెక్కలకు ఎంత, చదవడానికి ఎంత? డిగ్రీ పాఠాలు ఇంగ్లీషులోనే కాబట్టి పదాలు రెండు భాషల్లోనూ రాసుకుంటోంది. ఫస్టియర్ పాఠాలు చెప్పేవాళ్లెవరైనా దయచేసి చెప్పండి.