ఇంగితజ్ఞానం: ఎవరి ఇంగితం, ఏం జ్ఞానం?

ప్రశ్న:
‘ఆ మాత్రం ఇంగితజ్ఞానం లేదా?’ అని విసుక్కోవడం మనందరికీ అలవాటే. అక్కడ దాని అర్థం లోకజ్ఞానం, కాస్త బుర్ర వాడటం. నిఘంటువు తీస్తే మాత్రం ‘ఇంగితం’ అంటే మనసులోని భావాన్ని బయటపెట్టే చేష్ట అని ఉంది. ఈ రెంటికీ పొంతన ఎక్కడ? ఇంకో సందేహం కూడా. చేష్టను బట్టి ఎదుటివాళ్ల ఉద్దేశం తెలుసుకోవడం నిజంగా కుదిరే పనేనా?

జవాబు:
ఇంగితం సంస్కృతం నుంచి వచ్చిన మాట. కదలడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది. లోపల మనసు కదిలితే బయట ఒంట్లో కనిపించే కదలిక అన్నమాట. మీరు అడిగిన పొంతన ఈ పంచతంత్ర శ్లోకంలో దొరుకుతుంది.

ఉదీరితోఽర్థః పశునాపి గృహ్యతే
హయాశ్చ నాగాశ్చ వహంతి చోదితాః
అనుక్తమప్యూహతి పండితో జనః
పరేంగితజ్ఞానఫలా హి బుద్ధయః

నోటితో చెప్పింది పశువుకైనా అర్థమవుతుంది. తోలితే గుర్రాలూ ఏనుగులూ బరువు మోస్తాయి. చెప్పనిదాన్ని ఊహించగలవాడే పండితుడు. పరుల ఇంగితాన్ని తెలుసుకోవడమే బుద్ధికి ఫలం. చివరి పాదంలో ఉన్నది ‘పరేంగితజ్ఞానం’. మనం ‘పర’ను వదిలేసి మిగతాది వాడుకుంటున్నాం. చెప్పకపోయినా తెలుసుకోవడం అన్న భావం రెండు అర్థాల్లోనూ ఉంది కాబట్టి, ఇప్పటి వాడుక తప్పని నేననను. కానీ ఆ ‘పర’ పోవడంతో, ఎదుటి మనిషిని గమనించే పని కాస్తా మన తెలివికి సంబంధించిన విషయంగా మారిపోయిందని నాకు తోస్తుంది. అది చిన్న నష్టం కాదు.

ఈ శ్లోకం ఎవరి నోట వస్తుందో చూడండి. పంచతంత్రంలోని మిత్రభేదం అనే భాగంలో దమనకుడనే నక్క అంటుంది. చిన్నయసూరి 1853లో తెచ్చిన నీతిచంద్రికలో మనం చదువుకున్న కథే. పింగళకుడనే సింహం దాహంతో ఏటి దగ్గరికి వెళ్తుంది. సంజీవకుడనే ఎద్దు రంకె వినబడగానే నీళ్లు ముట్టకుండా వెనక్కి వచ్చి ఊరుకుంటుంది. రాజు భయపడ్డాడని దమనకుడు అంటాడు. నీకెలా తెలుసని తోటి నక్క కరటకుడు అడిగితే, ఈ శ్లోకమే జవాబు.

దమనకుడికి ఆధారమైంది ఏమిటి? సింహం వణకలేదు, అరవలేదు. దాహంతో వెళ్లింది, తాగకుండా తిరిగొచ్చింది, అంతే. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు ఇంగితానికి ఇచ్చిన నిర్వచనం సరిగ్గా దీనికి అతుకుతుంది: ‘ఇంగితమన్యథావృత్తిః’. మామూలుగా ఉండే తీరుకు భిన్నంగా ఉండటమే ఇంగితం. ఈ రెండు మాటల్లో ఉన్నంత విషయం పెద్ద పెద్ద వివరణల్లో కూడా నాకు కనబడలేదు. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి ముభావంగా ఉంటే అది ఇంగితం. స్వతహాగా ముభావి అయినవాడి మౌనం ఇంగితం కాదు, అది అతని తీరు. కాబట్టి మనిషి మామూలు తీరు ముందు తెలిసి ఉండాలి. తెలియనప్పుడు చదవడానికి ఇంగితమే లేదు.

మరో సభ్యుడు:
చేతులు కట్టుకుంటే దాపరికం, చూపు తప్పిస్తే అబద్ధం అని బాడీ లాంగ్వేజ్ క్లాసుల్లో చెబుతారు కదండీ. వాటికి మనిషి ఎవరన్నదాంతో పని లేదు. మీ లెక్కన అదంతా వట్టిదేనా?

జవాబు:
ఒక్కో చేష్టకు ఒక్కో అర్థం చొప్పున పట్టిక రాసేసుకుంటే వట్టిదేనండి. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే పరిశోధకులు అబద్ధాలు పసిగట్టడంపై అప్పటిదాకా జరిగిన ఎన్నో అధ్యయనాలను కలిపి 2006లో లెక్క తేల్చారు. నిజమో అబద్ధమో జనం సరిగ్గా చెప్పగలిగింది సగటున 54 శాతం. నాణెం ఎగరేసినా 50 వస్తుంది. ఆ ప్రయోగాల్లో చాలావరకు చూసేవాళ్లకు మాట్లాడేవాళ్లు కొత్తవాళ్లు. వాళ్ల మామూలు తీరు తెలియదు.

తెలిసినా పని సగమే అయినట్టు. ఇంగితం మనసు కదిలిందని చెబుతుంది, ఎందుకు కదిలిందో చెప్పదు. తప్పు చేసినవాడికీ చెమట పడుతుంది, తప్పు చేయకపోయినా తనను నమ్మరేమోనని టెన్షన్ పడేవాడికీ పడుతుంది. ఆ ‘ఎందుకు’ను మనం సొంతంగా నింపేస్తాం. ఫోన్ ఎత్తలేదు, ‘కావాలనే’ ఎత్తలేదు. పలకరించలేదు, ‘ఏదో మనసులో పెట్టుకుని’ పలకరించలేదు. మనం చూసింది ఎత్తకపోవడం, పలకరించకపోవడం మాత్రమే. ‘కావాలనే’ అన్నది మనం చేర్చిన మాట. ఎన్ని స్నేహాలు ఆ ఒక్క మాట మీద చెడిపోయాయో తలుచుకుంటే బాధేస్తుంది.

కథ రెండో సగం అంతా ఇదే. సింహానికీ ఎద్దుకూ స్నేహం కుదిరాక, దమనకుడు ఆ ఇద్దరి దగ్గరికీ విడివిడిగా వెళ్తాడు. ఎద్దు కొమ్ములు సాచి బెదురుతూ వస్తే ద్రోహం తలపెట్టినట్టేనని సింహానికి చెబుతాడు. సింహం చెవులూ తోకా నిక్కించి, నోరు తెరిచి చూస్తే చంపబోతున్నట్టేనని ఎద్దుకు చెబుతాడు. ఇద్దరూ భయంతో ఎదురుపడతారు. భయం వల్ల తీరు మారుతుంది. ఆ మార్పు ముందే విన్న గుర్తులతో సరిపోతుంది. నిజానికి ఇద్దరూ ఇంగితాన్ని సరిగ్గానే చూశారు, మామూలు తీరు మారిన మాట నిజం. కారణం మాత్రం మూడోవాడు అందించింది. ఎద్దు ప్రాణం పోయింది.

మరొక సభ్యురాలు:
నాకు ఆ శ్లోకంతోనే పేచీ ఉంది. చెప్పింది అర్థం చేసుకోవడాన్ని పశువుల స్థాయిలో పెట్టారు. సైగలు, సన్నలు పట్టుకోలేని మనుషులు ఉంటారు. ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి అది కష్టం. వాళ్లను ‘ఇంగితజ్ఞానం లేదు’ అని తిట్టడం వింటే మనసు చివుక్కుమంటుంది. నోరు విప్పి చెప్పడం చిన్నతనమా?

జవాబు:
కాదండి, మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. శ్లోకాన్ని సమర్థించను. రాజు మనసు కనిపెట్టి బతకాలనుకునే కొలువుగాడు చెప్పిన మాట అది, అందరికీ కొలబద్ద కాదు. అయితే ఆ దమనకుడు కూడా ఊహతో ఆగలేదు. శ్లోకం చదివాక నేరుగా సింహం దగ్గరికి వెళ్లి, దాహమని వెళ్లి నీళ్లు తాగకుండా ఎందుకు తిరిగొచ్చారని అడిగేశాడు. రంకె సంగతి అప్పుడు సింహమే చెప్పింది.