ఎన్‌చాంట్‌మెంట్స్ ఒక్క రోజులో: మామగారితో వెళ్ళొచ్చా?

బోథెల్_శీను
మా అత్తగారు, మామగారు ఈ వేసవికి మా దగ్గరే ఉన్నారు. మామగారికి 61. ఏటా శ్రీవారి మెట్టు ఎక్కుతారు, మోకాళ్ళ నొప్పుల్లాంటివి లేవు. మా ఆవిడ ఫోన్లో ఎన్‌చాంట్‌మెంట్స్‌లోని (వాషింగ్టన్ రాష్ట్రంలో కొండల మధ్య సరస్సులున్న ప్రాంతం) కోల్చక్ లేక్ ఫోటో చూసినప్పటి నుంచి ఆయనది ఒకటే పట్టు. క్యాంపింగ్ లాటరీలో మాకు పర్మిట్ తగల్లేదు. అయితే ఏం, ఆగస్టులో ఒక్క రోజులో ఆ చివర నుంచి ఈ చివరకి నడిచేద్దాం అంటున్నారు. నాకేమో దారిలో ఎక్కాల్సిన ఆస్‌గార్డ్ పాస్ (కొండ కనుమ) అంటేనే టెన్షన్. పెద్దవాళ్ళని తీసుకెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

కొండగాలి
శీను గారూ, పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేసేవాళ్ళకి లాటరీ అక్కర్లేదు. ట్రైల్ మొదట్లోనే ఫారం ఉంటుంది, నింపితే చాలు, డబ్బులేం కట్టక్కర్లేదు. కారుకి మాత్రం నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ (అక్కడ కారు ఆపడానికి కావాల్సిన పాస్) పెట్టుకోండి.

ఆస్‌గార్డ్ అంటే కోల్చక్ అవతలి ఒడ్డు నుంచి మైలు లోపే 2,200 అడుగుల ఎక్కుడు. శ్రీవారి మెట్టులో కాలు ఎక్కడ పెట్టాలో కట్టినవాళ్ళే చెప్పేశారు. ఇక్కడ అడుగడుక్కీ మీరే వెతుక్కోవాలి, సగం రాళ్ళు కదులుతాయి. ఎడమ పక్కనే ఉండి, రాళ్ళు పేర్చిన గుర్తులు చూసుకుంటూ ఎక్కండి. పైవాళ్ళ కాలి కింద రాయి జారితే "రాక్!" అని అరుస్తారు, అందుకని ఎవరికీ సరిగ్గా కింద నడవకండి.

అయినా మీ మామగారు ఎక్కేస్తారు. నా బెంగంతా దిగడం గురించే. ఆస్‌గార్డ్ 7,800 అడుగుల ఎత్తులో ఉంది, దిగి చేరే అవతలి చివర, స్నో లేక్స్ వైపు కారు పెట్టేది 1,300 అడుగుల దగ్గర. మొత్తం 18 మైళ్ళ పైమాటే. వివియాన్ లేక్ కింద నున్నటి గ్రానైట్ బండలో ఇనుప కడ్డీలు దిగ్గొట్టి ఉంటాయి, వాటి మీద కాలు మోపుకుంటూ దిగాలి. అప్పటికే తొడలు వణుకుతుంటాయి. అదయ్యాక స్నో లేక్స్ నుంచి ఇంకా ఆరు మైళ్ళ పైనే వంకర్లు తిరుగుతూ దిగుడు, చాలామందికి చీకటి పడేది అక్కడే. మధ్యలో వద్దనుకుంటే బయటపడే అడ్డదారి లేదు.

పద్మ_రెడ్‌మండ్
మా నాన్నని కోల్చక్ వరకే తీసుకెళ్ళాను. పోను నాలుగు మైళ్ళు, రాను నాలుగు. 2,300 అడుగుల ఎక్కుడు, అదేం తక్కువ కాదు. డ్రాగన్‌టెయిల్ శిఖరం ఎదురుగా, ఒడ్డున బండ మీద కూర్చుని పులిహోర తిన్నాం. ఆయనకి ఇంక పైకెళ్ళాలన్న ధ్యాసే రాలేదు.

అన్నట్టు, కొండమేకలు వస్తాయి. ఉప్పు కోసం మనుషులు ఒంటేలు పోసిన చోటల్లా నాకుతాయి, వద్దన్నా వెనకాలే వస్తాయి! దారికి దూరంగా, రాళ్ళ మీద కానివ్వమని మామగారికి ముందే చెప్పండి.

బోథెల్_శీను
అన్నీ చదివి వినిపించాను. "దిగడమే కదయ్యా, అదెంత" అన్నారు. ఇనుప కడ్డీల ఫోటో చూపించాక కాస్త మెత్తబడ్డారు. ప్రస్తుతానికి కోల్చక్ ఖాయం. పార్కింగ్ ఎన్నింటికి నిండిపోతుంది?

కొండగాలి
శనాదివారాలైతే తెల్లారకముందే. వారం మధ్యలో సెలవు పెట్టుకుని వెళ్ళండి. దోమల మందు, నీళ్ళకి ఫిల్టర్ మర్చిపోవద్దు. ఇంట్లో కుక్క ఉంటే అత్తగారి దగ్గరే వదిలేయండి, ఆ ట్రైల్‌లోకి రానివ్వరు.