ఫాస్ఫో ఏకేటీ బ్యాండ్ రావట్లేదు, మొత్తం ఏకేటీ మాత్రం బాగానే వస్తోంది. దయచేసి ఎవరైనా చెప్పండి

పీహెచ్‌డీ మూడో ఏడు (రాత్రి 11:20)
పొద్దున 9 నుంచి ల్యాబ్‌లోనే ఉన్నాను. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్లను విడదీసి యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) ఫాస్ఫో ఏకేటీ, అంటే సెరీన్ 473 అనే చోట ఫాస్ఫేట్ అంటుకున్న ఏకేటీ ప్రొటీన్, అస్సలు రావట్లేదు. ఇది అయిదోసారి. మొత్తం ఏకేటీ 60 కిలోడాల్టన్ల దగ్గర చక్కగా వస్తోంది, పోలిక కోసం చూసే యాక్టిన్ కూడా బాగుంది. ఫాస్ఫో యాంటీబాడీ కొత్త వయల్ తెప్పించాను. రాత్రంతా 4 డిగ్రీల్లో పెట్టాను. పది నిమిషాలు ఎక్స్‌పోజర్ ఇచ్చినా ఆ చోట ఖాళీయే. ఎండీ జనరల్ మెడిసిన్ చేసి పీహెచ్‌డీలో చేరాను, వారంలో రెండు రోజులు ఓపీ కూడా చూడాలి. 14న డాక్టరల్ కమిటీ. ఏం చూపించాలో తెలియట్లేదు, చాలా టెన్షన్‌గా ఉంది. నేను ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.

చిన్న పైపెట్ (11:26)
బ్లాకింగ్ దేంతో?

పీహెచ్‌డీ మూడో ఏడు (11:27)
పాలపొడి, 5 శాతం. యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటకుండా మెంబ్రేన్‌కు అందరూ వాడేదే కదా.

చిన్న పైపెట్ (11:28)
బీఎస్ఏకి (ఆవు సీరం ఆల్బుమిన్) మారండి.

విశ్రాంత మాస్టారు (11:51)
అమ్మా, ముందు ఏదైనా తిని పడుకో. నేను ముప్పై ఏళ్లు బయోకెమిస్ట్రీ చెప్పాను, నీలాంటి డాక్టర్లు ల్యాబ్‌లోకి వస్తే నాకు చాలా సంతోషం. ఫాస్ఫేట్ కోసం నువ్వు పడుతున్న పాట్లు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు వందేళ్ల కిందటే పడ్డారు. మద్రాసులో వైద్యం చదివారు. ఖద్దరు కట్టారన్న కోపంతో ఆయనకు ఎంబీబీఎస్ బదులు దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ చేతిలో పెట్టి పంపారు. ఆయన హార్వర్డ్ వెళ్లి, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతి ఇచ్చారు. ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఇద్దరి పేర్లతోనే ఉంది.

దాని తర్వాతి కథ ఇంకా గొప్పది. కండరాన్ని ఆ పద్ధతిలో కొలుస్తుంటే రంగు రావలసిన వేగంతో రాలేదు, నెమ్మదిగా పెరుగుతూ పోయింది. ఇంకొకరైతే రీఏజెంట్ పాడైందని పారబోసేవారు. వీళ్లు పట్టుకుని కూర్చున్నారు. కండరంలో క్రియాటిన్‌కు అంటుకున్న ఫాస్ఫేట్ ఒకటి ఉందనీ, అది ఆమ్లంలో కొంచెం కొంచెంగా ఊడుతోందనీ తేల్చారు. అదే 1927 నాటి ఫాస్ఫోక్రియాటిన్. కండరం అలిసినా, చేతుల్లో ఆలస్యమైనా ఆ ఫాస్ఫేట్ మిగలదు. పీహెచ్‌డీ ఆయనకు 1930లో గానీ రాలేదు. అందుకని అయిదు బ్లాట్లకే దిగులు పడకు.

ఓహయో తెలుగు (రాత్రి 12:10)
మాస్టారూ, సుబ్బారావు గారి గురించి చదివి కళ్లు చెమర్చాయి. ఒక్క మాట మాత్రం. మన ఈ గుంపులో చాలామంది ఎంబీబీఎస్, ఎండీ, ఆ తర్వాత పీహెచ్‌డీ చేసేవాళ్లను కూడా ఎండీ-పీహెచ్‌డీ అంటున్నారు. నేను అమెరికాలో ఆ ప్రోగ్రాంలోనే ఉన్నాను. ఇక్కడ ఎండీ అంటే మన ఎంబీబీఎస్ లాంటి మొదటి వైద్య డిగ్రీ. రెండేళ్లు మెడికల్ స్కూల్, మధ్యలో నాలుగైదేళ్లు ల్యాబ్, మళ్లీ రెండేళ్లు వార్డులు, అన్నీ ఒకే సీటు మీద. 1964 నుంచి ఎన్ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) దీనికి గ్రాంటు ఇస్తోంది. ఆ గ్రాంటు ఉన్న ప్రోగ్రాంలో చేరినవాళ్లకు మామూలుగా ఫీజు ఉండదు, స్టైపెండ్ వస్తుంది. ఈ తేడా తెలియక ఇంటర్న్‌షిప్ పిల్లలు అప్లై చేసి మోసపోతున్నారు, అందుకే చెబుతున్నాను.

పీహెచ్‌డీ మూడో ఏడు (12:14)
పేరు ఏదైతే ఏమిటండీ, నాకు బ్యాండ్ కావాలి.

విశ్రాంత మాస్టారు (12:20)
నాయనా, మన భాషలో వైద్య పరిశోధకుడు అంటే సరిపోతుంది. డిగ్రీల క్రమం ఎవరికి కావాలి?

ఓహయో తెలుగు (12:24)
పరిశోధకుడు అంటే క్లినికల్ ట్రయల్ చేసేవాళ్లు కూడా వస్తారండీ. రోగినీ చూసి, బెంచి మీదా పనిచేసేవాళ్లకు వేరే మాట ఉండాలి. వైద్య శాస్త్రవేత్త అందాం.

తార్నాక టెక్నీషియన్ (ఉదయం 6:40)
మేడమ్, పద్దెనిమిదేళ్లుగా బ్లాట్లు చేస్తున్నాను. పాలపొడి మాట నిజమే. పాలలో కేసీన్ ఉంటుంది, అది స్వయంగా ఫాస్ఫేట్ మోసే ప్రొటీన్. ఫాస్ఫో యాంటీబాడీ పెట్టేటప్పుడు బ్యాక్‌గ్రౌండ్ పెరుగుతుంది, కొన్ని యాంటీబాడీలకు సిగ్నల్ కూడా తగ్గుతుంది. మీ యాంటీబాడీ కాగితం మీద టీబీఎస్‌టీ బఫర్‌లో 5 శాతం బీఎస్ఏ అని ఉండే ఉంటుంది, చూడండి. కానీ పాల వల్ల బ్యాండ్ మొత్తంగా మాయమవదని నా అనుభవం. మూడు విషయాలు చెప్పండి. ఇన్సులిన్ ఇచ్చిన కణాల లైసేట్ (పగలగొట్టిన కణాల ద్రవం, అందులో ఫాస్ఫో ఏకేటీ రావాలి) పక్క లేన్‌లో పెట్టారా? లైసిస్ బఫర్‌లో, అంటే కణాలను పగలగొట్టే ద్రావణంలో, ఫాస్ఫేట్ ఊడకుండా ఏ ఇన్హిబిటర్లు వేశారు? బఫర్లలో ఎక్కడైనా సోడియం అజైడ్ ఉందా? సెకండరీ యాంటీబాడీలోకి అజైడ్ వస్తే దానికి అంటి ఉండి సిగ్నల్ ఇచ్చే హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్ చచ్చిపోతుంది.

పీహెచ్‌డీ మూడో ఏడు (మధ్యాహ్నం 2:05)
ఓపీ అయ్యేసరికి ఇంత సేపైంది, క్షమించండి. అజైడ్ లేదు. ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్ వేశాను. నిన్న రాత్రే ఇంకో మెంబ్రేన్‌ను బీఎస్ఏతో బ్లాక్ చేసి పెట్టాను, ఇప్పుడే చూశాను. అదీ ఖాళీ. ఇన్సులిన్ కణాల్లో బ్యాండ్ బ్రహ్మాండంగా వస్తోంది, అది మొదటి రోజు నుంచీ వస్తోంది.

తార్నాక టెక్నీషియన్ (2:09)
అయ్యో మేడమ్, ఆ మాట ముందు చెప్పాలి కదా! కణాల్లో వస్తోందంటే యాంటీబాడీ, బ్లాకింగ్, ట్రాన్స్‌ఫర్ అన్నీ సరిగ్గానే ఉన్నట్టు. తేడా శాంపిల్‌లో ఉంది. మీ శాంపిల్ ఏమిటి?

పీహెచ్‌డీ మూడో ఏడు (2:12)
పేషెంట్ టిష్యూ. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్లలో తీసిన కణితి ముక్కలు. నా థీసిస్ అంతా వాటి మీదే, అందుకే వేరే చెప్పాలని తోచలేదు.

చిన్న పైపెట్ (2:13)
థియేటర్ నుంచి ఫ్రీజర్‌కి ఎంత సేపు?

పీహెచ్‌డీ మూడో ఏడు (2:21)
రోజును బట్టి. కణితి బయటికి వచ్చాక సలైన్‌లో వేసి ట్రేలో పెడతారు. తర్వాతి కేసు మొదలయ్యాక వార్డ్ బాయ్ పాథాలజీకి తీసుకెళ్తాడు. వాళ్లు చూసి నాకో ముక్క ఇస్తారు, నేను ఐస్‌లో పెట్టుకుని ల్యాబ్‌కి వస్తాను. గంట, ఒక్కోసారి రెండు గంటలు. కానీ ఐస్‌లోనే తెస్తున్నాను కదా?

తార్నాక టెక్నీషియన్ (2:40)
దొరికింది. రక్తనాళాన్ని ముడి వేసిన క్షణం నుంచి ఆ ముక్కకు ఆక్సిజన్ లేదు, ఏటీపీ పడిపోతుంది, కైనేజ్‌లు కొత్తగా ఫాస్ఫేట్ పెట్టలేవు. ఫాస్ఫటేజ్‌లు మాత్రం పని ఆపవు, ఉన్నది ఊడదీస్తూనే ఉంటాయి. నిమిషాల్లో జరిగే పని ఇది. మీ దగ్గరికి వచ్చేసరికి ప్రొటీన్ ఉంటుంది, దాని మీద ఫాస్ఫేట్ ఉండదు. మొత్తం ఏకేటీ బాగా వచ్చి ఫాస్ఫో రాకపోవడం దీని వల్లే అంటాను. ఐస్ వేగం తగ్గిస్తుంది, ఆపదు. అందులోనూ మీ ఐస్ గంట తర్వాత వస్తోంది. కొన్ని స్ట్రెస్ కైనేజ్‌ల ఫాస్ఫో బ్యాండ్లు ఇలాంటి ఆలస్యంలో తగ్గకుండా పెరుగుతాయి కూడా, రేపు అలాంటి కైనేజ్ అయిన పీ38 చూడాలనుకుంటే ఆ ఫలితాన్నీ నమ్మలేరు.

ఇంకొకటి. ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్ అన్నారు, ఏది?

పీహెచ్‌డీ మూడో ఏడు (2:44)
సోడియం ఆర్థోవనడేట్.

తార్నాక టెక్నీషియన్ (2:50)
అది ప్రధానంగా టైరోసిన్ ఫాస్ఫటేజ్‌లను ఆపుతుంది. మీది సెరీన్. సోడియం ఫ్లోరైడ్, బీటా గ్లిసరోఫాస్ఫేట్ కూడా పడాలి. వనడేట్‌ను పీహెచ్ 10కి తెచ్చి, పసుపు పోయి నీళ్లలా అయ్యేదాకా మరిగించి చల్లార్చి, మళ్లీ పీహెచ్ సరిచూసి వాడాలి. మా ల్యాబ్‌లో కొత్త పిల్లలు పసుపుగానే వేసేస్తుంటారు. కానీ ఇవన్నీ లైసిస్ నుంచే పనికొస్తాయి, ముందు గంటలో పోయింది వీటితో తిరిగి రాదు.

మాస్టారు రాత్రే చెప్పారు చూశారా, చేతుల్లో ఆలస్యమైతే ఫాస్ఫేట్ మిగలదని. మనమెవరం పట్టించుకోలేదు.

చిన్న పైపెట్ (2:52)
ద్రవ నైట్రోజన్ ఫ్లాస్క్ థియేటర్‌కే తీసుకెళ్లండి.

గ్రాసింగ్ టేబుల్ (సాయంత్రం 4:30)
నేను పాథాలజిస్టును, ఈ చివరి సలహాకు గట్టిగా అడ్డుపడుతున్నాను. థియేటర్‌లో ఎవరూ కణితిని కోయకూడదు. ఆ నమూనా మొదట రోగిది, తర్వాతే మీ థీసిస్‌ది. అంచులకు ఇంక్ పూయకముందే మధ్యలో కత్తి పెడితే, కణితి అంచు దాకా వచ్చిందో లేదో మేం చెప్పలేం. ఆమెకు మళ్లీ ఆపరేషన్ కావాలా వద్దా అన్నది దాని మీదే ఉంటుంది. చిన్న కణితి అయితే మీరు తీసుకున్న ముక్కలోనే అసలు విషయం పోవచ్చు.

ఆలస్యం బాధ మీ ఒక్కరిదే అనుకోవద్దు. రొమ్ము క్యాన్సర్‌కు ఏ మందు ఇవ్వాలో తేల్చే ఈఆర్, హెర్2 పరీక్షలకు కూడా కణితి గంటలోపు ఫార్మాలిన్‌లో పడాలి, 6 నుంచి 72 గంటలు ఉండాలి అని మార్గదర్శకాలు చెబుతున్నాయి. సలైన్‌లో రెండు గంటలు ట్రే మీద ఉన్న కణితికి రేపు ఈఆర్ నెగెటివ్ అని తప్పుగా వస్తే, ఆమెకు అందాల్సిన మాత్రలు అందవు. దాని గురించి ఎవరూ మాట్లాడరు! మీరు సర్జన్‌తో మాట్లాడేటప్పుడు ఫాస్ఫో బ్యాండ్ పేరు కాదు, ఈ మాట చెప్పండి. మీ శాంపిలూ బాగుపడుతుంది, వాళ్ల రిపోర్టూ బాగుపడుతుంది.

తార్నాక టెక్నీషియన్ (4:41)
పాథాలజీ మేడమ్ చెప్పింది న్యాయం. అయితే పాథాలజీ రెసిడెంట్ ఒకరు థియేటర్ తలుపు దగ్గర ఉండి ఇంక్ పూసి, ముక్క తీసి ఇస్తే?

గ్రాసింగ్ టేబుల్ (4:48)
అది కుదురుతుంది. నేను రెసిడెంట్‌గా ఉన్నప్పుడు ఒక స్టడీకి అలాగే నిలబడ్డాను. చిన్న ముక్క, అగ్గిపుల్ల తలంత, క్రయోవయల్‌లో వేసి నైట్రోజన్‌లో ముంచడమే. వయల్ మీద రెండు టైములు రాయాలి: ముడి వేసిన టైము, ముంచిన టైము. సర్క్యులేటింగ్ సిస్టర్‌ను అడిగితే మొదటి టైము కేస్ షీట్‌లో రాసిపెడతారు. ముందే ఎథిక్స్ కమిటీకి సవరణ పెట్టండి, సేకరించే పద్ధతి మారుతోంది కదా.

ఓహయో తెలుగు (రాత్రి 7:15)
మా దగ్గర కొన్ని స్టడీల్లో ఆపరేషన్‌కు ముందే సూదితో కోర్ బయాప్సీ తీసి వెంటనే గడ్డకట్టిస్తారు. రక్తప్రసారం ఆగకముందే చేతికి వస్తుంది. దానికి వేరే అంగీకార పత్రం కావాలి. మాస్టారూ, నిన్నటి మాట మీద ఇంకా ఆలోచిస్తున్నాను. సుబ్బారావు గారిని మీరు ఏమని పిలుస్తారు, డాక్టరనా, శాస్త్రవేత్త అనా?

విశ్రాంత మాస్టారు (7:40)
మా తరగతిలో ఆయన్ని డాక్టర్ సుబ్బారావు అనే అన్నాను. ఎల్ఎంఎస్ ఇచ్చినా సరే, డాక్టరే. ఆ అమ్మాయి భోంచేసిందో లేదో ఎవరైనా కనుక్కోండి.

పీహెచ్‌డీ మూడో ఏడు (రాత్రి 9:55)
తిన్నాను మాస్టారూ. సర్జన్ గారిని కలిశాను, హెర్2 మాట చెప్పగానే విన్నారు. సోమవారం కేసుకు రెసిడెంట్ వస్తానంది. ఎథిక్స్ లెటర్ రాస్తున్నాను. అందరికీ థాంక్స్.

చిన్న పైపెట్ (9:58)
ఇప్పటిదాకా తీసిన పాత శాంపిల్స్ ఎన్ని?

పీహెచ్‌డీ మూడో ఏడు (10:03)
38.

తార్నాక టెక్నీషియన్ (10:20)
వాటిని పారేయకండి మేడమ్. ఫాస్ఫో పోయినా డీఎన్ఏ ఉంటుంది. పీఐకే3సీఏ జన్యువులో మ్యుటేషన్ చూడొచ్చు, ఏకేటీ దారిలో పైమెట్టు అదే కదా. కమిటీకి అది చూపించవచ్చేమో మీ గైడ్‌ను అడగండి.